పటంలో లేని తాండా

ఏరు చెప్పి రాదని అంటుంటారు. వాగుల సంగతిలో అది నిజమే. గుట్ట మీద గట్టి వాన పడితే గంటలో పొంగుతుంది, వాన తెరిపిస్తే అంత తొందరగానూ తీస్తుంది. మున్నేరు అట్లా కాదు. అది చెప్పే వస్తుంది. వరంగల్ వైపు పాకాల చెరువు దగ్గర నుంచి బయల్దేరి, ఖమ్మం పట్నాన్ని ఒరుసుకుంటూ, వత్సవాయి మండలం పోలంపల్లి ఆనకట్ట దాటి, పెనుగంచిప్రోలు తిరుపతమ్మ గుడి పక్కగా నందిగామ మెట్టలోకి దిగుతుంది. కీసర వంతెన కింద నుంచి పోయి కృష్ణలో కలుస్తుంది. వైరా, కట్టలేరు నీళ్ళు కూడా చివరికి దాంట్లోకే వస్తాయి. పైన ఖమ్మం దగ్గర ఏరు ఎక్కిన కొన్ని గంటలకు గానీ మన దగ్గర ఎక్కదు. ఆ కొన్ని గంటలే మనకు దొరికే అదును.

2024 సెప్టెంబరు 1న ఖమ్మం దగ్గర మున్నేరు 36 అడుగులకు చేరింది. అక్కడ 16 అడుగులకు మొదటి హెచ్చరిక, 24 అడుగులకు రెండో హెచ్చరిక ఇస్తారు. 36 అంటే ఎంత ఎక్కువో దీన్నిబట్టి తెలుస్తుంది. ఆ అంకె టీవీల్లో తిరిగింది, సెల్‌ఫోన్లలో తిరిగింది. దిగువన ఐతవరం దగ్గర హైదరాబాద్ రోడ్డు మీదికి నీళ్ళొచ్చాయి. అటు గరికపాడు దగ్గర పాలేరు వంతెన దెబ్బతిని రాకపోకలు ఆగాయి. అంతకు ముందు ఏడాది, 2023 జూలై చివర్లో కూడా ఐతవరం దగ్గర ఇదే రోడ్డు మునిగింది.

ఏటి ఒడ్డు గుడిసెలో ఉన్న మనిషికి 36 అడుగులు అన్న మాటతో ఏం తెలుస్తుంది? నీళ్ళు తన గడప దాకా వస్తాయా? వస్తే ఎన్ని గంటలకు? పిల్లల్ని, మేకల్ని తీసుకుని ఏ దారిన పోవాలి? ఆ దారిలో ఉన్న చప్టా అప్పటికే మునిగి ఉంటే? ఈ నాలుగు ప్రశ్నలకు ఆ అంకెలో జవాబు లేదు.

ఈ వ్యాసంలో మేం చెప్పదలచుకున్నది ఒక్కటే. అడుగుల లెక్కను ఇంటి గడప దాకా తెచ్చేది పటం. ఆ పటం మన దగ్గర లేదు. ఎందుకు లేదో చరిత్ర చెబుతుంది. దాన్ని గీసుకోవడం మాత్రం మన పని.

పెద్దల తలలో ఉన్న పటం

మన వాళ్ళకు పటం తెలియదనుకుంటే పొరపాటు. కాగితం మీద లేదంతే.

లంబాడీలు ఈ ప్రాంతానికి దారి వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు కారు. దారులు ముందే తెలిసినవాళ్ళు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని సముద్రపు ఒడ్డు నుంచి దక్కను లోపలి దాకా తిరిగారు. 17వ శతాబ్దంలో మన దేశంలో తిరిగిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, పది పన్నెండు వేల ఎద్దులతో నడిచే బంజారా బిడారుల గురించి రాశాడు. 1791–92లో కారన్‌వాలిస్ సైన్యం శ్రీరంగపట్నం మీదికి పోయినప్పుడు ఆ సైన్యానికి తిండిగింజలు అందించింది బంజారాల ఎద్దులే. బందరు నుంచి గోల్కొండకు పోయే పాత దారి మన మెట్ట మీదుగానే నడిచింది. ఇప్పుడు 65వ నంబరు జాతీయ రహదారి పోయేది కూడా ఇటే.

వేల ఎద్దుల్ని ఏరు దాటించాలంటే ఏం తెలియాలి? రేవు ఎక్కడ గట్టిగా ఉంటుందో తెలియాలి. ఏ నెలలో ఎక్కడ మోకాలి లోతు, ఎక్కడ మొల లోతు ఉంటుందో తెలియాలి. రాత్రి విడిది చేసే చోట తెల్లారేసరికి నీళ్ళు రాకుండా ఉండే మెరక ఏదో తెలియాలి. తాండా నాయకుడికి ఇదంతా నోటికి వచ్చి ఉండాలి. రాకపోతే సరుకుతోపాటు మనుషులూ పోతారు. కాగితం మీద గీయకపోయినా అది పటమే.

యానాదుల సంగతీ అంతే. నీళ్ళ పక్కన బతికినవాళ్ళకు చేప ఎదురెక్కే చోటు, కట్ట బలహీనంగా ఉన్న చోటు, ఎలుకలు కన్నాలు వదిలి మెరకకు పోయే వేళ తెలుసు. బుట్టలల్లే ఎరుకలవాళ్ళు ఈతా వెదురూ దొరికే వాగు గట్లన్నీ తిరిగినవాళ్ళే. ఏ వాగు ఎటు మళ్ళి ఏ చెరువులో పడుతుందో వాళ్ళు కళ్ళు మూసుకుని చెప్పగలరు.

తర్వాత రైళ్ళు వచ్చాయి, ఉప్పు మీద సర్కారు చట్టాలు వచ్చాయి. ఎద్దుల బిడారు ఆగిపోయింది. తాండాలు ఒక చోట నిలబడ్డాయి. నిలబడడానికి దొరికిన చోటు ఎక్కువసార్లు ఊరివాళ్ళు వదిలేసిందే. అది రాళ్ళ మెట్ట కావచ్చు, వాగు పోరంబోకు కావచ్చు, చెరువు వెనక పల్లం కావచ్చు. దారులు నడవడం మానాక వాటి పటం కూడా ఒక్కో తరంతో కొంచెం కొంచెం చెరిగిపోతూ వచ్చింది.

సర్కారు పటంలో ఎవరున్నారు

కాగితం మీది పటాల చరిత్ర వేరే. దాన్ని గీయించింది రాజ్యం. ఎందుకు గీయించిందో తెలిస్తే మనం అందులో ఎందుకు లేమో అర్థమవుతుంది.

సర్వే ఆఫ్ ఇండియా 1767లో మొదలైంది. ఈస్టిండియా కంపెనీకి సైన్యం నడిపే దారులు, పన్ను వచ్చే ఊళ్ళు తెలియాలి. అందుకే ఆ సర్వే. మన పక్కనే అమరావతి స్తూపాన్ని 1797లో చూసిన కాలిన్ మెకంజీ కూడా సర్వే అధికారే. 1815లో ఆయన భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఆయన కోసం ఊళ్ళ చరిత్రలు పోగుచేసినవాళ్ళు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల వంటి మన తెలుగువాళ్ళు. 1802లో లాంబ్టన్ మద్రాసు దగ్గర ఒక గీతను కొలిచి, దాని మీద త్రికోణాలు కట్టుకుంటూ దేశమంతా కొలిచే పని మొదలుపెట్టాడు. తర్వాత రెవెన్యూ సర్వే వచ్చి పొలం పొలానికీ నంబరు వేసింది, సరిహద్దు రాయి పాతింది.

ఆ పనిలో గొప్పతనం లేదని మేం అనం. రెండు వందల ఏళ్ళ కిందటి కొలతలు ఇప్పటికీ పనికొస్తున్నాయి. కానీ ఆ పటం అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ నేల ఎవరిది, శిస్తు ఎంత? పట్టా లేని మనిషి ఆ ప్రశ్నలోకే రాడు. మనుషులున్న చోటును కూడా అది రెవెన్యూ గ్రామం పేరుతోనే చూస్తుంది. తాండా, కాలనీ, గుడిసెల గుంపు ఏదో ఒక ఊరికి శివారు అవుతాయి. జనాభా లెక్క పెద్ద ఊరి పేరు మీద పోతుంది. వరద లెక్క కూడా అదే పేరు మీద పోతుంది. ఊరు మెరక మీద ఉండి క్షేమంగా ఉంటే, అర మైలు దూరంలో పల్లంలో ఉన్న శివారు కూడా కాగితం మీద క్షేమంగానే ఉంటుంది.

మనల్ని కాగితం మీదికి ఎక్కించిన సందర్భం ఒకటి ఉంది. అది పటం కాదు, పోలీసు రిజిస్టరు. నేరస్థ జాతుల చట్టం 1871లో వచ్చింది. 1911 చట్టంతో మద్రాసు రాష్ట్రానికీ వర్తించింది. ఎరుకలవాళ్ళను, యానాదుల్లో, లంబాడీల్లో కొన్ని గుంపులను ఆ జాబితాలో చేర్చారు. ఎవరు ఏ రాత్రి ఎక్కడ పడుకున్నారో స్టేషనుకు తెలియాలి. 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. అప్పటిదాకా సర్కారు మన ఉనికిని రాసుకున్నది మనల్ని కాపలా కాయడానికే, కాపాడడానికి కాదు. మన పెద్దలకు సర్వే గొలుసన్నా, పేర్లు రాసుకునే మనిషన్నా ఇప్పటికీ అనుమానం ఎందుకో ఇక్కడ తెలుస్తుంది.

ఇంకో సంగతి. మన జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతం ఏజెన్సీ కాదు. షెడ్యూల్డ్ ప్రాంతమని గీసిన గీత ఇటు రాదు. అడవి జిల్లాల్లో ఆదివాసీ గూడేలు ఒక్కచోట కనబడతాయి. మనం ఊరికి పది ఇళ్ళు, ఏటికి ఇరవై గుడిసెలుగా చెదిరి ఉన్నాం. చెదిరి ఉన్నవాళ్ళు చిన్న పటంలో కనబడరు.

పటం తప్పితే ఏమవుతుంది

పటం లేకపోవడం ఒక కష్టం. తప్పు గీత ఉన్న పటం ఇంకో కష్టం. దీనికి మన గోదావరి అన్నదమ్ములు సాక్ష్యం.

భద్రాచలం దగ్గర గోదావరికి 43, 48, 53 అడుగుల దగ్గర మూడు హెచ్చరికలుంటాయి. 1986 ఆగస్టులో అక్కడ నీళ్ళు 75.6 అడుగులకు పోయాయి. 2022 జూలైలో మళ్ళీ 71.3 అడుగులకు వచ్చాయి. ఈ మధ్య కాలంలో పోలవరం ప్రాజెక్టు కోసం మునిగే ఊళ్ళను పటం మీద గుర్తించారు. 41.15 మీటర్ల ఎత్తు గీతకు లోపల ఉన్న ఊళ్ళు ముందు, 45.72 మీటర్ల గీతకు లోపల ఉన్నవి తర్వాత అని రెండు విడతలు చేశారు. 2022 వరదలో కూనవరం, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాల్లో మొదటి గీతకు బయట ఉన్న ఊళ్ళలోకీ నీళ్ళొచ్చాయి. కోయలు, కొండరెడ్లు గుట్టలెక్కారు. గీత ఎక్కడుందో గోదావరి చూడలేదు.

దీంట్లో మనం నేర్చుకోవాల్సింది ఏమిటి? ఎత్తు గీతల్ని చదవడం నేర్చుకోవాలి, వాటిని గుడ్డిగా నమ్మడం మానాలి. మన ప్రాంతానికి సర్వే ఆఫ్ ఇండియా వేసిన పాత టోపోషీట్లున్నాయి. జగ్గయ్యపేట 65 డి/1 షీటులో, నందిగామ పక్కనే ఉన్న 65 డి/5 షీటులో వస్తాయి. ఆ షీట్లలో రెండు సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. రెండు వందల మీటర్ల పొడవున్న తాండా కాగితం మీద నాలుగు మిల్లీమీటర్లు అవుతుంది. శాశ్వతమైన ఇంటికి ఒక గుర్తు, తాత్కాలికమైన గుడిసెకు ఇంకో గుర్తు ఉంటుంది. నలభై ఏళ్ళుగా ఉంటున్న గుడిసె తాత్కాలికమో శాశ్వతమో తేల్చేది మనం కాదు.

అంతకన్నా ముఖ్యమైంది ఎత్తు గీత. ఆ కొలత షీట్లలో మామూలుగా ఒక గీతకూ ఇంకో గీతకూ మధ్య 20 మీటర్ల తేడా ఉంటుంది. అంటే 65 అడుగులు. ఏరు 20 అడుగులు పొంగినా ఆ తేడా రెండు గీతల మధ్యనే మాయమైపోతుంది. మన ఇల్లు మునిగేది, పక్కిల్లు మిగిలేది మూడడుగుల తేడాతో. ఆ మూడడుగులు టోపోషీటులో ఉండవు. అవి ఎక్కడున్నాయి? మన గోడ మీద ఉన్నాయి. 2024లో నీళ్ళు ఎంత ఎత్తుకొచ్చాయో చెప్పే బురద చార మీద ఉన్నాయి. 2009 అక్టోబరులో కృష్ణ పొంగినప్పుడు ఏ వేపచెట్టు దాకా వచ్చాయో గుర్తున్న అవ్వ నోట్లో ఉన్నాయి. సర్వే శాఖ దగ్గర లేనిదీ, మన దగ్గర మాత్రమే ఉన్నదీ ఇదే.

ఇంకో లెక్క కూడా పటం చూస్తేనే అర్థమవుతుంది. మున్నేరు కృష్ణలో కలవాలంటే కృష్ణలో చోటుండాలి. 2024 సెప్టెంబరు వరదల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పోయాయి. అది రికార్డు. కృష్ణ అంత నిండుగా ఉన్నప్పుడు మున్నేరు నీళ్ళు ముందుకు పోలేక వెనక్కి ఎగదన్నుతాయి. అప్పుడు మన దగ్గర వాన తెరిపిచ్చినా ఏరు తీయదు. కృష్ణకు దగ్గరగా ఉన్న ఊళ్ళవాళ్ళు ఖమ్మం అంకెతోపాటు పులిచింతల నుంచి ఎంత వదులుతున్నారో కూడా వినాలి. పాలేరు పక్కన ఉన్నవాళ్ళదీ ఇదే పరిస్థితి.

పైగా ఏరు ఒకటే, రాష్ట్రాలు రెండు. 2014 జూన్ 2 తర్వాత మున్నేటి పై భాగం తెలంగాణలో, కింది భాగం ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. ఒక రాష్ట్రం గీసిన పటం సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. నీళ్ళు ఆగవు. 2022 ఏప్రిల్ 4న మన మండలాలు కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాయి. పాత కాగితాల్లో కృష్ణా అని, కొత్త కాగితాల్లో ఎన్టీఆర్ అని ఉంటుంది. పటం చదివే పిల్లలకు ఈ సంగతి టీచర్లు ముందే చెప్పాలి. లేకపోతే సగం సమాచారం వేరే జిల్లాదనుకుని వదిలేస్తారు.

ఆకాశం నుంచి చూసే పటం

ఇప్పుడు పటాలు గీసే పని చాలా మారింది. హైదరాబాద్‌లోని జాతీయ దూరసంవేదన కేంద్రం వరదలప్పుడు ఉపగ్రహ చిత్రాలతో మునిగిన ప్రాంతాల పటాలు తయారుచేస్తుంది. ఇస్రో 2009లో మొదలుపెట్టిన భువన్ వెబ్‌సైటులో దేశపు పటాలను ఎవరైనా చూడొచ్చు. మామూలు కెమెరాకు మబ్బు అడ్డం. రాడార్ ఉపగ్రహానికి మబ్బు, రాత్రి అడ్డం కావు. 2012లో పంపిన రీశాట్-1 అట్లాంటిదే. నిలిచిన నీళ్ళ మీద పడిన రాడార్ తరంగం తిరిగి రాదు కాబట్టి ఆ చోటు చిత్రంలో నల్లగా కనబడుతుంది. నల్లగా ఉన్నదంతా మునిగిందని లెక్క కడతారు.

కానీ ఉపగ్రహం తన వేళకు వస్తుంది, వరద వేళకు కాదు. అది నీళ్ళను చూపిస్తుంది, నీళ్ళ పక్కన నిలబడ్డ మనిషిని చూపించదు. ఫలానా నల్ల మచ్చ పక్కన నలభై కుటుంబాలున్నాయని, వాళ్ళలో మంచం మీద ఉన్న ముసలాయన ఒకరున్నారని దానికి తెలియదు. పేరు లేని చోటుకు పడవ పంపడం ఎవరికైనా కష్టమే.

2010 జనవరి 12న హైతీ దేశంలో భూకంపం వచ్చినప్పుడు ఈ కష్టమే ఎదురైంది. రాజధాని పోర్టో ప్రిన్స్‌లో పేదల బస్తీలకు సరైన పటం లేదు. అప్పుడు ఎక్కడెక్కడి దేశాల యువతో కంప్యూటర్ల ముందు కూర్చుని, ఉపగ్రహ చిత్రాల మీద వీధులు, సందులు, గుడారాలు గీశారు. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ అనే ఉచిత పటంలో వాటిని ఎక్కించారు. సహాయానికి పోయినవాళ్ళు ఆ పటాన్ని తమ పరికరాల్లో పెట్టుకుని నడిచారు. ఆ పటం ఇప్పటికీ అందరిదీ. మన ఊరి వాగును, డొంకను, తాండాను అందులో మనం కూడా చేర్చవచ్చు. డబ్బు కట్టక్కర్లేదు.

మన దగ్గర ఇంకో విశేషం ఉంది. రాష్ట్రంలో నూరేళ్ళ తర్వాత మళ్ళీ భూములన్నీ కొలిచే రీసర్వే 2020 డిసెంబరు 21న మన జగ్గయ్యపేట మండలం తక్కెళ్ళపాడులోనే మొదలైంది. ఆ సర్వేకు డ్రోన్లు వాడారు. డ్రోను పై నుంచి తీసిన చిత్రంలో గుడిసె పైకప్పు కూడా కనబడుతుంది. అది భూమి హక్కు కోసం తీసిన చిత్రం. అందులోని ఇళ్ళను, దారుల్ని వరద ముందు జాగ్రత్తకు కూడా వాడమని గ్రామసభలో అడిగే హక్కు మనకుంది. పాత సర్వేలో మనం లేకపోతే అప్పుడు చదువు లేదు, అడిగేవాళ్ళు లేరు. ఇప్పుడు చదువుకున్న పిల్లలున్నారు.

మనం గీసే పటం

2005లో వచ్చిన విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి జిల్లాకూ విపత్తు ప్రణాళిక ఉండాలి. ఆ ప్రణాళికలో తాండా పేరు ఉండాలంటే ముందు మనమే తాండాను కాగితం మీద పెట్టాలి. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు. హైస్కూలు పిల్లలు, ఒక టీచరు, ఇద్దరు ముగ్గురు పెద్దలు, ఒక చార్టు, నాలుగు రంగులు చాలు. ఎండాకాలంలో, ఏరు ఎండి ఉన్నప్పుడు ఒక ఆదివారం మొదలుపెట్టండి.

ముందు నడవండి. ఇంట్లో కూర్చుని గీయొద్దు. తాండా చివర నుంచి ఏటి దాకా, ఏటి నుంచి మెయిన్‌రోడ్డు దాకా నడవండి. ఎన్ని అడుగులు వేశారో లెక్కపెట్టండి. సూర్యుడు పొడిచే దిక్కు చూసి పటం మీద తూర్పు గుర్తు పెట్టండి.

తర్వాత నీళ్ళ గుర్తులు. 2023లో, 2024లో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో ప్రతి ఇంట్లో అడగండి. గోడ మీద చార ఉంటే రంగు వేసి తేదీ రాయండి. పటం మీద ఆ చోట్లన్నీ కలిపి నీలం గీత గీయండి. ముసలివాళ్ళు 2009 అంటే, ఇంకా పాతదంటే ఇంకో రంగు గీత గీయండి. ఇద్దరి మాట కలవకపోతే ఇద్దరినీ వెంటబెట్టుకుని ఆ చోటుకు పోండి. అక్కడ నిలబడితే మాట తేలుతుంది.

మూడోది దారులు. వాన రోజు ఏ చప్టా ముందు మునుగుతుంది, ఏది తర్వాత మునుగుతుంది? అన్నిటికన్నా చివరిదాకా నడవగలిగే దారి ఏది? ప్రతి ఇంటికీ రెండు దారులుండాలి. ఒకటి మునిగితే ఇంకోటి. రెండో దారి లేని ఇళ్ళకు ఎర్ర చుక్క పెట్టండి. హెచ్చరిక రాగానే ముందు కదలాల్సింది ఎర్ర చుక్క ఇళ్ళే.

నాలుగోది మనుషులు. నడవలేనివాళ్ళు, నిండు గర్భిణులు, పసిపిల్లలున్న ఇళ్ళు, ఒంటరి ముసలివాళ్ళు. వీటితోపాటు పశువుల కొట్టాలు, మేకల దొడ్లు, పందుల దొడ్లు. వరదలో మన మనిషి ఇల్లు కదలకపోవడానికి సగం కారణం పశువే. మేకల్ని ఎక్కడికి తోలాలో పటం ముందే చెబితే మనిషి కూడా కదులుతాడు. పాము కాటు మందు ఉండే ఆసుపత్రి, కరెంటు ట్రాన్స్‌ఫార్మరు, మంచినీటి బోరు, బడి మేడ, ట్రాక్టరున్న ఇల్లు, ఈత వచ్చిన కుర్రాళ్ళు, అన్నీ గుర్తు పెట్టండి.

ఐదోది అంకె. ఇదే అసలు పని. కేంద్ర జల సంఘం కీసర దగ్గర మున్నేటి మట్టం కొలుస్తుంది. ఖమ్మం దగ్గర అడుగుల లెక్క రోజూ వస్తుంది. ఈసారి వరదొచ్చినప్పుడు ఒక నోటుబుక్కు పెట్టుకోండి. ఖమ్మంలో ఇన్ని అడుగులున్నప్పుడు గంట ఎంత, మన రేవులో నీళ్ళు ఎక్కిన గంట ఎంత, ఎక్కడిదాకా వచ్చాయి అని రాయండి. రెండు మూడు వానాకాలాలు రాస్తే మన ఏటికి మన లెక్క తయారవుతుంది. అప్పుడు టీవీలో అంకె వినగానే, ఎర్ర చుక్క ఇళ్ళు కదలాలని ఇంకెవరూ వచ్చి చెప్పక్కర్లేదు. ఒక్క జాగ్రత్త. ప్రతి వరదా ఒక తీరుగా రాదు. కృష్ణ నిండుగా ఉంటే, మధ్యలో చెరువు గండి పడితే లెక్క తప్పుతుంది. అనుమానం వస్తే కదలడమే మంచిది.

పటం పూర్తయ్యాక నాలుగు నకళ్ళు తీయండి. ఒకటి బడి గోడకు, ఒకటి గ్రామ సచివాలయానికి, ఒకటి పంచాయతీకి. నాలుగోది తాండాలోనే, అందరికీ కనబడే చోట. దాని కింద పెద్ద అక్షరాలతో రాయండి: జిల్లా కంట్రోల్ రూము 1077, రాష్ట్ర కంట్రోల్ రూము 1070, అత్యవసరానికి 112, అంబులెన్సు 108. ఫోను చేసినప్పుడు ఊరి పేరు ఒక్కటే చెప్పి ఆగొద్దు. తాండా పేరు, ఊరికి ఏ దిక్కున ఎంత దూరమో, దగ్గరలో ఏ గుడి లేదా ఏ వంతెన ఉందో చెప్పాలని పిల్లలకు నేర్పండి. ఏటా వానలకు ముందు పటాన్ని సరిచూడండి. కొత్త ఇల్లు కట్టినా, పాత చప్టా కొట్టుకుపోయినా అందులో రావాలి.

ఒక భయం, దానికి జవాబు

ఈ పని గురించి మాట్లాడితే పెద్దలు ఒక మాట అంటారు. మనమే మన గుడిసెల్ని పటం మీద చూపిస్తే, రేపు అదే పటం పట్టుకుని ఇది పోరంబోకు, ఖాళీ చేయండి అంటే? ఈ భయాన్ని మేం కొట్టిపారేయం. మన పేరు రాసుకున్న కాగితం మన మీదికే వచ్చిన చరిత్ర మనది.

దీనికి మా జవాబు రెండు మాటలు. మొదటిది, పటం ఎవరి చేతిలో ఉంటుందో, అందులో ఏముంటుందో మనమే నిర్ణయించుకోవాలి. ఇంటింటి మనుషుల వివరాలున్న పటం తాండా దాటి పోకూడదు. బయటికి ఇచ్చేదానిలో దారులు, నీళ్ళ గుర్తులు, ఇళ్ళ లెక్క, తాండా పేరు చాలు. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లో కూడా వాగు, దారి, పేరు వరకే. ఎవరింట్లో ఎవరున్నారో అక్కడ పెట్టొద్దు. గ్రామసభలో చదివి, తీర్మానం రాయించి ఇస్తే ఆ కాగితం ఎవరు ఎప్పుడు ఎందుకు ఇచ్చారో రుజువుంటుంది.

రెండోది, కనబడకపోవడం మనల్ని ఎప్పుడూ కాపాడలేదు. పటంలో లేనందువల్ల ఖాళీ చేయించడం ఆగలేదు. పటంలో లేనందువల్ల పడవ మాత్రం రాలేదు. పైన తెలంగాణలో 2018 చట్టంతో చాలా తాండాలు సొంత పంచాయతీలయ్యాయి. పేరు, హద్దు కాగితం మీద ఉండబట్టే అది కుదిరింది. ఇవాళ వరద కోసం గీసిన పటం రేపు చప్టాను ఎత్తు చేయమని, ఇళ్ళ స్థలం మెరక మీద ఇమ్మని అడిగేటప్పుడు కూడా మన చేతిలో ఉంటుంది.

టీచర్లకు ఒక మనవి. సాంఘిక శాస్త్రం పుస్తకంలో పటాల పాఠం వచ్చినప్పుడు ప్రపంచ పటంతో మొదలుపెట్టకండి. తాండా పటంతో మొదలుపెట్టండి. మున్నేరు ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందో తెలిసిన పిల్లవాడికి నైలు నది ఎటు పోతుందో తేలిగ్గా అర్థమవుతుంది. యువతకు ఒక మాట. మీ తాతలు పది వేల ఎద్దుల్ని ఏరు దాటించినవాళ్ళు. మీ చేతిలో ఉన్న ఫోనులో వాళ్ళకు లేని పటం ఉంది. మీ ఇంట్లో ఉన్న అవ్వ దగ్గర ఆ ఫోనులో లేని పటం ఉంది. అవ్వ ఉండగానే ఆ రెండింటినీ ఒక కాగితం మీదికి తెండి.

వచ్చే వానాకాలం లోపు మన మెట్టలో ఒక్క తాండాకైనా పటం గోడకెక్కితే ఈ వ్యాసం రాసిన పని తీరినట్టే. మున్నేరు మళ్ళీ చెప్పే వస్తుంది. అప్పటికి ఆ మాట తాండాలో అందరికీ అర్థం కావాలి.